పాత ఫుటేజ్ జాబితాలను జనం ముందు పెట్టండి: హైదరాబాద్ దృశ్య భాండాగారాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ సమాచార పౌరసంబంధాల శాఖ, సాంస్కృతిక శాఖల అధికారులకు. హైదరాబాద్‌లోని ప్రసార కేంద్రాలు, వార్తా ఛానళ్లు, స్టూడియోల లైబ్రరీల నిర్వాహకులకు.

విషయం: పాత వీడియో ఫుటేజ్ జాబితాలను ఆన్‌లైన్‌లో ఉంచడం, వాడుకకు అనుమతి, రుసుముల విధానాన్ని ప్రకటించడం గురించి.

ఆర్యులారా,

నేను హైదరాబాద్‌లో ఉంటూ, డాక్యుమెంటరీ చిత్రాలు తీసేవారికి పాత దృశ్యాలు వెతికిపెట్టి, వాటిని వాడుకోవడానికి కావలసిన అనుమతులు తెచ్చిపెట్టే పని చేస్తాను. మీ బీరువాల్లో, సర్వర్లలో ఉన్న పాత ఫుటేజ్ జాబితాను ఎవరైనా వెతుక్కునేలా ఆన్‌లైన్‌లో పెట్టాలనీ, ఏ దృశ్యం ఎవరిది, దాన్ని వాడుకోవాలంటే ఎవరికి రాయాలి, ఎంత కట్టాలి అన్నది ఆ జాబితా పక్కనే ప్రకటించాలనీ కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. టేపులన్నీ డిజిటల్‌లోకి మారేదాకా దీనికోసం ఆగనవసరం లేదు. దృశ్యాన్ని చూపించడం తర్వాతి మాట. ముందు అది ఉందని చెప్పండి.

ఇది కొద్దిమంది సినిమావాళ్ల సౌకర్యం కోసం చేస్తున్న విజ్ఞప్తిగా భావించవద్దని మనవి. ఈ నగరం గత అయిదు దశాబ్దాల్లో ఎలా మారిందో చెప్పే సాక్ష్యంలో పెద్ద భాగం మీ దగ్గరే ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపిన సైట్ ప్రయోగానికి కార్యక్రమాలు తయారుచేసిన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. 1977 అక్టోబరు 23న ఇక్కడ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1995 నుంచి ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చాయి, ఆ తర్వాత పదేళ్లు తిరగకముందే ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్లు వచ్చాయి. వీటన్నిటికీ ముందు, 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాలను సినిమా హాళ్లలో తప్పనిసరిగా వేసేవారు. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం మునగడం, రెండేళ్ల తర్వాత లేవడం, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభానికి ముందు బండరాళ్లతో నిండి ఉన్న మాదాపూర్, రోడ్ల మీద తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులు, సకల జనుల సమ్మె నాటి వీధులు, ఇవన్నీ ఎవరో ఒకరు కెమెరా భుజాన వేసుకుని వెళ్లి తీసినవే. తీసినవారికి జీతం ఇచ్చి, టేపు కొని, బీరువాలో పెట్టింది మీ సంస్థలే. దానికి మేము కృతజ్ఞులం. కానీ అవి అక్కడ ఉన్నాయన్న సంగతి లోపల పనిచేసే నలుగురికి తప్ప బయట ఎవరికీ తెలియడం లేదు.

ఈ రోజు ఒక యువ దర్శకుడు హైదరాబాద్ మీద చిత్రం తీయాలనుకుని, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో పాత దృశ్యాలు వెతికితే ఏం దొరుకుతుందో చెబుతాను. మొదట దొరికేవి విదేశీ సంస్థల దగ్గరున్న దృశ్యాలు. బ్రిటిష్ పాథే అనే న్యూస్‌రీల్ సంస్థ 2014 ఏప్రిల్‌లో తన దగ్గరున్న సుమారు 85,000 చిత్రాలను యూట్యూబ్‌లో పెట్టింది. వాటిని ఉచితంగా చూడవచ్చు. వాడుకోవాలంటే ఆ సంస్థ వెబ్‌సైట్ ద్వారా లైసెన్స్ కొనవచ్చు. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ కూడా మరుసటి ఏడాది తన భాండాగారంలోని లక్షల క్లిప్పులను అలాగే పెట్టింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2017లో వలసపాలన కాలపు భారత దృశ్యాలను ఉచితంగా చూసే వీలు కల్పించింది. ఈ భాండాగారాల్లో హైదరాబాద్ పేరు కొట్టి చూసినవారికి తెలుసు, ఫలితాల్లో కొన్ని పాకిస్తాన్ సింధులోని హైదరాబాద్‌వి. మన ఊరి దృశ్యాలు కొన్ని ‘డెక్కన్’ కింద, కొన్ని ‘నిజాం’ కింద, కొన్ని ఉత్తినే ‘ఇండియా’ కింద ఉంటాయి. సికింద్రాబాద్‌ను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసినవాళ్లున్నారు. ఊరు పేరు వదిలి, ఆనాటి పదవుల పేర్లతో, కట్టడాల పేర్లతో వెతికితేగాని అసలైన రీలు బయటపడదు. అయినా చివరికి దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ జాబితా ఉంది. రీలు సంఖ్య, తేదీ, షాట్లవారీగా వివరణ, నిడివి, హక్కుదారు ఎవరన్నది అన్నీ ఒకే పేజీలో ఉంటాయి.

అదే దర్శకుడు 1986 ఆగస్టు నాటి గోదావరి వరద దృశ్యాల కోసం తెలుగులో టైపు చేస్తే వచ్చేవి యూట్యూబ్ ఛానళ్లలో ఎవరెవరో పెట్టిన ముక్కలు. వాటి మూలలో ఒక లోగోను మసక చేసి ఉంటారు, దాని పక్కన పెట్టినవారి సొంత లోగో మెరుస్తుంటుంది. మూలం వీహెచ్ఎస్ క్యాసెట్టో, టీవీ తెర ముందు ఫోను పట్టుకుని తీసిందో కూడా చెప్పలేని స్థితిలో బొమ్మ ఉంటుంది. అప్‌లోడ్ చేసినవారికి రాస్తే ‘వాడుకోండి, మా ఛానల్ పేరు వేయండి’ అని ఉదారంగా జవాబు వస్తుంది. వారు మంచి మనసుతోనే చెబుతారు. కానీ తమది కాని దానికి ఇచ్చిన అనుమతికి విలువ లేదు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం చిత్రానికి హక్కుదారు దాన్ని నిర్మించిన వ్యక్తి లేదా సంస్థ. అనుమతి లేకుండా తెలిసి వాడుకుంటే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చని అదే చట్టంలోని 63వ సెక్షన్ చెబుతోంది. ఓటీటీ సంస్థలు ప్రతి షాటుకూ ‘ఇది ఎక్కడిది, ఎవరి అనుమతి ఉంది’ అని కాగితం అడుగుతాయి. కాగితం లేని షాటును ఎడిట్ నుంచి తీసేయవలసిందే. అందువల్ల మన చరిత్ర మీద మనం తీసుకునే చిత్రాల్లో కూడా, ఎక్కువ డబ్బు పోసి విదేశాల నుంచి తెచ్చుకున్న పది సెకన్లు ఉంటాయి గానీ, ఇక్కడే ఫర్లాంగు దూరంలో ఉన్న టేపులోని పది సెకన్లు ఉండవు.

మీ వైపు ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. నగరంలోని ఒక సంస్థను, పేరు అనవసరం, 2000 ఆగస్టు 24 నాటి వాన దృశ్యాలు కావాలని అడిగాను. ఆ ఒక్క రోజే బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసింది. నగరం మీద ఏ చిత్రం తీసినా ఆ రోజు లేకుండా కుదరదు. ముందు లెటర్‌హెడ్ మీద పై అధికారికి రాయమన్నారు. రాశాను. టేపు నంబరు పేర్కొనలేదని ఆ ఉత్తరం తిరిగి వచ్చింది. టేపు నంబరు రిజిస్టరులో ఉంటుంది, రిజిస్టరు బయటివారికి చూపించరు. చివరికి లోపలి ఉద్యోగి ఒకరు దయతలచి నంబరు వెతికిపెట్టారు. ధర ఎంతని అడిగితే, ‘మీ బడ్జెట్ ఎంత?’ అన్న ప్రశ్నే జవాబుగా వచ్చింది. డబ్బు కట్టాక ఇచ్చిన అనుమతి పత్రంలో ‘పై దృశ్యాలను మీ డాక్యుమెంటరీలో వాడుకోవచ్చు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆ కాగితాన్ని ఓటీటీ సంస్థ న్యాయవాదులు ఒప్పుకోలేదు.

వారు ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. లైసెన్స్‌లో కాలపరిమితి రాయకపోతే అది అయిదేళ్లకే పరిమితమని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితమని కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. హక్కుల బదిలీకి రాసిన ఈ నియమం 30ఏ సెక్షన్ ద్వారా లైసెన్స్‌లకు కూడా వర్తిస్తుంది. అంటే ఆ ఒక్క వాక్యం అనుమతితో చిత్రాన్ని బయటి దేశపు చిత్రోత్సవానికి పంపకూడదు, ఆరో ఏట ఎక్కడా వేయకూడదు. ఇచ్చినవారి ఉద్దేశం అది కాదు, తీసుకున్నవారి ఉద్దేశమూ కాదు. ఏ మాధ్యమంలో, ఏ దేశాల్లో, ఎన్నేళ్లు, ఎన్ని సెకన్లు అన్న నాలుగు ముక్కలు రాస్తే సరిపోయేది. ఇవి నింపే ఖాళీలతో తెలుగులో ఒకే పేజీ నమూనా పత్రాన్ని తయారుచేసి, అన్ని సంస్థలూ దాన్నే వాడితే, ఇటు మాకూ అటు మీ న్యాయవిభాగాలకూ ఎంతో పని తగ్గుతుంది. పాత కార్యక్రమంలో పాట ఉంటే దృశ్యానికి అనుమతి ఒకటి, పాటకు అనుమతి మరొకటి. మీ సంస్థకు దృశ్యం మీద మాత్రమే హక్కు ఉంటే ఆ మాట కూడా పత్రంలో రాయండి, పాటకు హక్కుదారు దగ్గరికి మేమే వెళతాం.

రేటు విషయంలో నేను బేరం ఆడటం లేదు. ఫుటేజ్‌ను సెకన్ల లెక్కన అమ్మడం, కనీసం ఇన్ని సెకన్లకు కట్టాలని పెట్టడం, థియేటరుకు ఒక రేటు, టీవీకి ఒకటి, ఓటీటీకి ఒకటి, చిత్రోత్సవాలకు మాత్రమే అయితే తక్కువ రేటు పెట్టడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. అలా రాసి పెట్టిన రేట్ కార్డు ఎంత ఎక్కువగా ఉన్నా మాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే చిత్రం మొదలుపెట్టేటప్పుడే లెక్క వేసుకోవచ్చు. ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి మారే రేటుతోనే చిక్కు. పెద్ద సంస్థకు అది చిన్న మొత్తం. సొంత డబ్బుతో తన వాడ చరిత్ర తీసుకుంటున్న అమ్మాయికి, విశ్వవిద్యాలయ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికి మాత్రం అక్కడే తలుపు మూసుకుపోతుంది. వారికోసం వేరే వరుస, నామమాత్రపు రుసుము రేట్ కార్డులోనే ఉండాలని నా అభిప్రాయం. సొంత పరిశోధనకు, విమర్శకు, వర్తమాన వార్తలకు సముచితమైన మేరకు వాడుకోవడం ఉల్లంఘన కాదని చట్టమే 52వ సెక్షన్‌లో చెప్పింది కాబట్టి, చదువుకోవడానికి చూస్తామన్నవారిని అసలు ఆపనే కూడదు.

కాలం తీరిన చిత్రాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశంలో చిత్రం బయటకు వచ్చిన మరుసటి ఏడాది మొదటి నుంచి అరవై ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. ప్రభుత్వం తీసిన చిత్రాలకూ ఇదే లెక్క. 1960లో హాళ్లలో వేసిన వార్తాచిత్రానికి 2020 చివరితో హక్కు ముగిసింది. ఏటా జనవరి 1న మరో సంవత్సరపు చిత్రాలు ప్రజలందరివీ అవుతాయి. అలాంటి చిత్రానికి లైసెన్స్ రుసుము అడగడం న్యాయం కాదు. రీలు శుభ్రం చేసి, స్కాన్ చేసి, కాపీ ఇచ్చినందుకు అయ్యే ఖర్చును సేవా రుసుముగా తీసుకోండి, మేము సంతోషంగా కడతాం. రెండింటినీ ఒకే రసీదులో కలపవద్దు. ఎక్కడా ప్రదర్శించకుండా పెట్టెలో ఉండిపోయిన రషెస్‌కు, అంటే ఎడిట్ చేయని ముడి దృశ్యాలకు, ఈ అరవై ఏళ్ల లెక్క నేరుగా వర్తించదు కాబట్టి, జాబితాలో ‘ప్రదర్శించినది’, ‘ప్రదర్శించనిది’ అన్న ఒక గడి తప్పక ఉండాలి. ఇలాంటి చిన్న గడులే తర్వాత పెద్ద తగాదాలను తప్పిస్తాయి.

ఇప్పుడు టేపుల గదిలోకి వస్తాను, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది అదే. పాత టేపు డబ్బా మీద బాల్‌పెన్నుతో రాసిన చీటీ ఉంటుంది. చాలాసార్లు దాని మీద చోటు పేరు, తేదీ, నిడివి, కెమెరామన్ పేరులోని మొదటి అక్షరం తప్ప ఇంకేమీ ఉండదు. తేదీలో రోజు, నెల ఉంటాయి, సంవత్సరం ఉండదు. రాసినవారికి ఆనాడు సంవత్సరం రాయవలసిన అవసరం కనిపించలేదు. ఒక డబ్బా మీద ‘ట్యాంక్‌బండ్, 10/3’ అని ఉందనుకోండి. బుద్ధ విగ్రహాన్ని తీసుకెళుతున్న బార్జి ఒరిగిపోయి, విగ్రహం సాగర్‌లో పడి, కార్మికులు ప్రాణాలు కోల్పోయింది 1990 మార్చి 10న. తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ జరిగింది 2011 మార్చి 10న. రెండూ ట్యాంక్‌బండ్ మీదే, రెండూ అదే తేదీన. డబ్బాలో ఉన్నది పాతకాలపు పెద్ద యూమాటిక్ టేపా, తర్వాతి కాలపు చిన్న డీవీ క్యాసెట్టా అన్నది చూసినవారికి ఇది ఏ సంవత్సరానిదో క్షణంలో తెలుస్తుంది. టేపును మెషీన్‌లో పెట్టనవసరం కూడా లేదు. కానీ అలా చూసి చెప్పగల మనిషి పదవీ విరమణ చేసి వెళ్లిపోతే, తర్వాత వచ్చినవారికి ఆ రెండు ముక్కల చీటీయే మిగులుతుంది. ఏ బీరువాలో, ఏ అరలో ఏముందో రిజిస్టరు తెరవకుండా చెప్పగలిగిన లైబ్రేరియన్లు మన నగరంలోని సంస్థల్లో పనిచేశారు, ఇంకా కొందరు ఉన్నారు. వారు ఉన్నంతలోనే వారి చేత చెప్పించి రాసుకోవాలి.

టేపు కూడా ఎవరి కోసమూ ఆగదు. అయస్కాంత టేపులో పూతను పట్టి ఉంచే బైండర్ అనే పదార్థం తేమకు జిగురుగా మారుతుంది, బూజు పడుతుంది; హైదరాబాద్‌లో ఏసీ ఆగిపోయిన గదిలో ఒక్క వానాకాలం చాలు. అసిటేట్ ఫిల్మ్ అయితే వెనిగర్ వాసన కొట్టడం మొదలవుతుంది, ఆ వాసన వచ్చిన డబ్బాను మిగతావాటి నుంచి వెంటనే విడదీయకపోతే పక్క రీళ్లకూ అంటుతుంది. బొమ్మ బాగున్నా ఆడించే మెషీన్ ఉండదు: బీటాక్యామ్ క్యాసెట్ల తయారీని సోనీ 2016 మార్చిలో ఆపేసింది, యూమాటిక్ ప్లేయర్లకు హెడ్లు, బెల్టులు దొరకవు, వాటిని బాగుచేసేవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. ఆస్ట్రేలియా జాతీయ దృశ్య శ్రవణ భాండాగారం 2015లోనే, టేపుల్లో ఉన్నదాన్ని 2025 లోపల డిజిటల్‌లోకి మార్చకపోతే చాలావరకు పోతుందని హెచ్చరించింది. 2019లో యునెస్కో కూడా అంతర్జాతీయ భాండాగారాల సంఘంతో కలిసి ఇదే మాట చెబుతూ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ గడువు వచ్చేసింది. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ రీళ్లు దాచిన చోట జరిగిన అగ్నిప్రమాదంలో, తేలిగ్గా మండే పాత నైట్రేట్ రీళ్లు కాలిపోయాయి. అక్కడ కనీసం ఏం పోయిందో చెప్పుకోవడానికి పట్టిక ఉంది. జాబితా లేని గదిలో ఏం పోయిందో కూడా ఎవరూ చెప్పలేరు.

వార్తా ఛానళ్ల మిత్రులు, మాదంతా డిజిటలే, మాకు ఈ బాధ లేదు అనుకోవచ్చు. మీ దగ్గర సమస్య మరో రకం. సర్వర్లో చోటు చాలక రా విజువల్స్ (కెమెరా తీసినవి తీసినట్టుగా ఉన్న ముడి దృశ్యాలు) చెరిపేసి, ప్రసారమైన స్టోరీని మాత్రమే ఉంచుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. అలా మిగిలిన దాని మీద లోగో, స్క్రోల్, బ్రేకింగ్ పట్టీ, వాయిస్ ఓవర్ అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. పదేళ్ల తర్వాత ‘ఫైల్ విజువల్స్’ అని మీరే వాడుకోవాలన్నా కింది మూడోవంతు పనికిరాదు. ఇవేవీ లేని క్లీన్ ఫీడ్‌ను, డేటా దాచే ఎల్‌టీఓ టేపు మీదకు ఎక్కించి దాచడానికి అయ్యే ఖర్చు, దాన్ని మళ్లీ ఒకసారి అమ్ముకుంటే వచ్చే డబ్బుతో పోలిస్తే తక్కువే. అమ్ముకోవాలంటే మాత్రం అది మీ దగ్గర ఉందని ఎవరికైనా తెలియాలి.

అందుకే జాబితా ముందు, డిజిటైజేషన్ తర్వాత అంటున్నాను. ఇది కుదిరే పనేనని చూపిన ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లోని మూడు సంస్థలు తమ దగ్గరున్న వలసపాలన కాలపు చిత్రాలకు కలిసి ఒక ఉమ్మడి జాబితాను 2010లో ఆన్‌లైన్‌లో పెట్టాయి. అందులో ఆరు వేలకు పైగా చిత్రాల వివరాలున్నాయి. వెబ్‌సైట్‌లో చూడటానికి పెట్టినవి మాత్రం సుమారు నూటయాభై. అయినా ప్రపంచంలో ఏ మూల ఉన్న పరిశోధకుడైనా ఆ మిగతా వేల చిత్రాలు ఉన్నాయని తెలుసుకుని, కావలసినదాన్ని అడిగి తెప్పించుకోగలుగుతున్నాడు. అడిగినవాడు కట్టిన డబ్బుతో ఆ ఒక్క రీలు స్కాన్ అవుతుంది, ఆ స్కాన్ సంస్థ దగ్గరే ఉంటుంది. మన దగ్గరా ఏ టేపును ముందు డిజిటల్‌లోకి మార్చాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు.

మీ భయాలు నాకు తెలుసు. జాబితా పెడితే దొంగతనం పెరుగుతుందని ఒక భయం. జాబితాను ఎవరూ సినిమాలో పెట్టుకోలేరు. నమూనా చూపించదలిస్తే తక్కువ నాణ్యతలో, నట్టనడుమ వాటర్‌మార్క్‌తో, టైమ్‌కోడ్ (టేపులో ఆ షాటు ఎక్కడుందో చూపే అంకెలు) కనిపించేలా పెట్టండి. ఎడిటర్ ఆ నమూనాతోనే కూర్పు చేసుకుని, ఫలానా టైమ్‌కోడ్ నుంచి ఫలానా టైమ్‌కోడ్ దాకా పూర్తి నాణ్యత గల మాస్టర్ కావాలని రాస్తాడు. రెండో భయం మరింత గౌరవించదగినది. మతకల్లోలాలు, ప్రమాదాలు, ఆత్మాహుతులు, కుటుంబసభ్యుల శవాల దగ్గర ఏడుస్తున్నవారు, చిన్నపిల్లలు, వీరందరి ముఖాలు ఆ టేపుల్లో ఉన్నాయి. 1990లో సాగర్ గట్టున నిలబడ్డ కార్మికుల కుటుంబాలవారు ఇంకా ఈ నగరంలోనే ఉండవచ్చు. అటువంటి దృశ్యాలను ఆన్‌లైన్‌లో చూపించమని నేను అడగను. జాబితాలో వరుస ఉంచి, ‘చూడటానికి ప్రత్యేక అనుమతి కావాలి’ అని రాయండి. ఎవరికి, ఎందుకు ఇచ్చారో నమోదు చేయండి. దాచడానికి కారణం ఉన్నది దాచండి, కానీ ఉన్నదే లేదనవద్దు.

హక్కుదారు ఎవరో తేలని టేపులు మరో పెద్ద కుప్ప. మండల కేంద్రాల్లో స్ట్రింగర్లు, అంటే ఛానళ్లలో ఉద్యోగులు కాని స్థానిక విలేకరులు, సొంత కెమెరాలతో తీసి, ఒకే దృశ్యాన్ని రెండు మూడు ఛానళ్లకు పంపిన రోజులవి. కాగితం మీద ఒప్పందం ఉన్న సందర్భాలు తక్కువ. మన దేశంలో కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి, హక్కుదారులందరి పేర్లూ వెతికి తెలుసుకునే రిజిస్టరూ లేదు. హక్కుదారు చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, జాడ తెలియకపోయినా పత్రికా ప్రకటన ఇచ్చి చట్టబద్ధంగా లైసెన్స్ కోరే దారిని 31ఏ సెక్షన్ చూపుతోంది. 2012 సవరణతో అది ఇదివరకే బయటకు వచ్చిన కృతులకు కూడా విస్తరించింది. కానీ పదిహేను సెకన్ల దృశ్యం కోసం ఒక చిన్న నిర్మాత ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేసి, ఆ తంతు అంతా నడపడం అయ్యే పని కాదు. అదే, మీ జాబితాలో ‘స్ట్రింగర్ తీసినది, హక్కు తేలవలసి ఉంది’ అని రాసి పెట్టితే, ఆ ఊరివారెవరో చూసి, తీసిన మనిషిని గుర్తుపట్టి చెప్పే అవకాశం ఉంది. ఆ మనిషికి రావలసిన పేరు, డబ్బు ఆయనకే వెళతాయి. ఉద్యమ కాలపు అతి ముఖ్యమైన దృశ్యాలు కొన్ని ఇలాంటి చేతులు తీసినవేనని నేను నమ్ముతాను.

ప్రభుత్వ అధికారులకు విడిగా ఒక మాట. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులను జాబితా, సూచిక వేసి ఉంచడం దాని బాధ్యత. సమాచారం పొందే హక్కులో టేపులు, వీడియో క్యాసెట్ల రూపంలో పొందడం కూడా భాగమని ఆ చట్టమే పేరు పెట్టి చెప్పింది. కాపీరైట్ కారణంగా సమాచారం నిరాకరించే వీలు ఇచ్చిన 9వ సెక్షన్ కూడా, ఆ హక్కు ప్రభుత్వానికి కాక ఇతరులకు చెందినప్పుడే వర్తిస్తుంది. కాబట్టి ప్రభుత్వ శాఖలు తీయించిన వార్తాచిత్రాలు, డాక్యుమెంటరీలు, సభల రికార్డింగుల జాబితాను బయటపెట్టడం మీరు మాకు చేసే ఉపకారం కాదు, ఎప్పుడో జరగవలసిన పని. 2014 విభజనలో ఏ శాఖ టేపులు ఎటు వెళ్లాయో చూపే పట్టిక ఉంటే దాన్నీ అందులో చేర్చండి.

కాగితపు దస్తావేజులకు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఫార్సీ, ఉర్దూ పత్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. కదిలే దృశ్యాలకు అటువంటి చిరునామా ఈ రాష్ట్రంలో ఒకటి కావాలి. టేపులన్నీ అక్కడికి తరలించమని అడగడం లేదు. ఎవరి టేపులు వారి దగ్గరే ఉండనివ్వండి. అన్ని సంస్థల జాబితాలూ ఒకే చోట, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపుల్లోనూ వెతికేలా ఉండాలి. మొజంజాహీ మార్కెట్ అని ఎవరు ఎలా రాసి వెతికినా ఆ దృశ్యం దొరకాలి. ఆ ఉమ్మడి జాబితాను నిర్వహించే బాధ్యతను సాంస్కృతిక శాఖ తీసుకుంటే, ప్రైవేటు ఛానళ్లు కూడా చేరడానికి ముందుకు వస్తాయని ఆశిస్తున్నాను.

అక్టోబరు 27ను ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినంగా యునెస్కో పాటిస్తుంది. రాబోయే అక్టోబరు 27 నాటికి మొదటి విడతగా, 1977 నుంచి 1995 దాకా ఉన్న టేపుల డబ్బాల మీది చీటీలను ఉన్నవి ఉన్నట్టుగా టైపు చేసి, స్ప్రెడ్‌షీట్‌గా విడుదల చేయండి. అక్షరదోషాలుంటే ఉండనివ్వండి, సంవత్సరం లేకపోతే ఖాళీ వదలండి. దాని కింద ఒక ఈమెయిల్ చిరునామా, జవాబు ఇవ్వవలసిన అధికారి హోదా, రేట్ కార్డు, నమూనా లైసెన్స్ పత్రం పెట్టండి. చీటీలు టైపు చేయడానికి, వీధులను, కట్టడాలను గుర్తుపట్టి వివరాలు రాయడానికి నాలాంటి పరిశోధకులు, ఫిల్మ్ విద్యార్థులు, పాత కెమెరామన్లు సెలవు రోజుల్లో ఉచితంగా వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారు. అందుకు మాకు కావలసింది లోపలికి రావడానికి రాతపూర్వకమైన అనుమతి, రెండు బల్లలు, టేపుల గది తాళం తీసి మాతో కూర్చునే మీ లైబ్రేరియన్ ఒకరు. ఎవరిని, ఏ రోజు కలవాలో తెలియజేయగలరని ప్రార్థన.

భవదీయురాలు,
డాక్యుమెంటరీ ఆర్కైవ్ పరిశోధకురాలు,
హైదరాబాద్.